తాత ఇంటి అటక మీద దొరికిన చర్చి బొమ్మ: బస్సులు రాంగ్ సైడ్‌లో పోతున్నయ్ ఏంది?

మూలాపేట_మనవడు
అందరికీ నమస్కారం. నేను ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ, ఈసారి మాత్రం నిజంగా అవసరం పడింది. నెల్లూరు మూలాపేటలో మా తాత వాళ్ళ పాత మిద్దె పడగొట్టిస్తా ఉన్నాం, అటక మీద సామాన్లు దించుతుంటే గోనెసంచిలో చుట్టిపెట్టిన ఫ్రేం ఒకటి బయటపడింది. అద్దం పగల్లేదు. లోపల నలుపు తెలుపు బొమ్మ, అడుగు ఎత్తు ఉంటది. పెద్ద గుమ్మటం ఉన్న చర్చి, దాని ముందర కిటకిటలాడే వీధి, మేడ మీద కప్పు లేని డబుల్ డెక్కర్ బస్సులు, నాలుగైదు గుర్రబ్బండ్లు, టోపీల జనం, వీధికి అడ్డంగా ఒక ఇనప బ్రిడ్జి, బ్రిడ్జి మీద రైలు పొగ. కింద కుడిపక్క పెన్సిల్ సంతకం, ఒక్క అక్షరం అర్థం కాలా. తాత గూడూరు పక్క మైకా కంపెనీలో గుమస్తాగా చేశాడు, దొర వాళ్ళ దేశం పోతా పోతా ఇచ్చిన బొమ్మ అని నాయనమ్మ చెప్పేది, అంతకు మించి ఎవరికీ తెలీదు.

బొమ్మని ఫోన్‌లో ఫోటో తీసి ఇక్కడ పెట్టా. ఇది ఫోటోనా, చేత్తో గీసిందా, ప్రింటా? ఏ ఊరు? ఇంకో తిక్క డౌటు ఏందంటే, మనకి దూరంగా పోయే బస్సులన్నీ కుడిపక్కన ఉన్నయ్, మనవైపు వచ్చేవి ఎడమపక్కన. మా బావ లండన్ అంటున్నాడు, లండన్‌లో కూడా మనలాగా ఎడమపక్కనే గదా పోవాల? అమ్మితే లక్షలొస్తయ్ అని కూడా బావే అంటున్నాడు, నిన్నటి నుంచి ఇంట్లో ఇదే రచ్చ.

చేపలపులుసు
లక్షలొస్తయ్ అన్న బావకే అమ్మెయ్, పని అయిపోద్ది.

లండన్‌లో_కావలోడు
ఫోటో చూడగానే నవ్వొచ్చింది, రోజూ చూసే చర్చి. అది లండన్‌లో సెయింట్ పాల్స్ కెథడ్రల్, డౌటే లేదు. లడ్గేట్ సర్కస్ అని నాలుగు రోడ్ల కూడలి ఉంటది, అక్కడ నిలబడి తూర్పుకి చూస్తే లడ్గేట్ హిల్ ఎత్తు ఎక్కతా పోయి నేరుగా ఈ గుమ్మటం కిందకి చేరద్ది. సర్కస్ అంటే సింహాలూ ఏనుగులూ కాదు, వాళ్ళు రౌండు కూడలిని అట్టా అంటారు. కానీ నీ బొమ్మలో నాకూ ఒకటి తేడా కొడతా ఉంది. గుమ్మటం పక్కన సూదిలాగా సన్నటి నల్ల గోపురం ఒకటి ఉంది చూడు, అది సెయింట్ మార్టిన్ అని ఇంకో చిన్న చర్చిది, నేను నిలబడితే అది ఎడమచేతి పక్కన కనపడద్ది. నీ బొమ్మలో కుడిపక్క ఉంది. ఇంకోటి, అక్కడ ఇప్పుడు బ్రిడ్జే లేదు.

చేపలపులుసు
అంటే డూప్లికేట్ లండన్ అన్నమాట.

రాగిరేకు
డూప్లికేట్ కాదు, అద్దంలో లండన్. మనవడు గారూ, మీ ఫోన్‌లో ఆ ఫోటోని అడ్డంగా తిప్పేసి, అదే సెల్ఫీకి మిర్రర్ అంటారే అట్టా చేసి, మళ్ళీ చూడండి. బస్సులు సరైన పక్కకి పోతాయి, చిన్న గోపురం ఎడమకి వస్తుంది.

నాది ఒంగోలు, ఫైన్ ఆర్ట్స్‌లో ప్రింట్‌మేకింగ్ చదువుకున్నా, ఇప్పుడు స్కూల్లో డ్రాయింగ్ చెప్పుకుంటున్నా. మీ దగ్గర ఉన్నది ఎచింగ్, అంటే రాగిరేకు మీద గీసి యాసిడ్‌తో గుంటలు పడేట్టు చేసి తీసిన ప్రింట్ అయ్యుండాలి. రాగిరేకు మీద గీసింది కాగితం మీద అచ్చు పడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. కొంతమంది ముందే బొమ్మని తిరగేసి గీసుకుంటారు, కొంతమంది వీధిలో నిలబడి కళ్ళకి కనపడ్డది కనపడ్డట్టు నేరుగా రేకు మీద గీసేస్తారు, ప్రింట్ తిరగబడితే పడనీ అనుకుంటారు. విస్లర్ అనే పేరున్న ఆర్టిస్టు వెనిస్ ఊరిని గీసిన ఎచింగ్‌లు కూడా తిరగబడ్డవే. సంతకం మాత్రం తర్వాత కాగితం మీద పెన్సిల్‌తో పెట్టేది కాబట్టి సరిగ్గానే ఉంటుంది. ఒక సంగతి చూసి చెప్పండి, షాపుల బోర్డుల మీద అక్షరాలు ఎట్టా ఉన్నాయి?

మూలాపేట_మనవడు
అమ్మో, తిప్పి చూస్తే నిజంగానే సరిపోయింది, బావకి చూపిస్తే నోట మాట లేదు! బోర్డుల మీద అక్షరాల్లాగా గీతలున్నయ్ గానీ అది ఏ భాషా కాదు, డాక్టర్ చీటీ లాగా ఉంది.

రాగిరేకు
అదే, గీసినాయన తెలివైనోడు. అక్షరాలు తిరగరాసే బాధ పడలేక గిలికేశాడు.

ట్రెడిల్_తాత
బాబూ మనవడూ, నేను కావలిలో ముప్పై ఏళ్ళు ప్రెస్సు నడిపినోణ్ణి, పెళ్ళి కార్డులు, కరపత్రాలు, సినిమా పాటల పుస్తకాలు అన్నీ కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్ మీద వేసినవే. మాకు బొమ్మల అచ్చు బ్లాకులు మద్రాసు నుంచి వచ్చేవి, జింకు రేకు మీద యాసిడ్‌తో చేసేవాళ్ళు. గీతల బొమ్మకి లైన్ బ్లాకు, ఫోటోకి చుక్కలతో చేసే హాఫ్‌టోన్ బ్లాకు అని రెండు రకాలు. మాదాంట్లో యాసిడ్ తినేసిన చోటు కాగితం మీద తెల్లగా పడద్ది, తినకుండా నిలబడిన చోటే సిరా అంటుకుంటది. ఎచింగ్ అనేది దీనికి తలకిందులు అని విన్నా, గుంటలోనే సిరా నిలబడద్దంట, నిజమేనా రాగిరేకు గారూ? మనవడా, నువ్వు ముందు ఒక పని చెయ్యి, భూతద్దం పెట్టి చూడు. చుక్కలు చుక్కలుగా కనపడితే అది పుస్తకంలోంచో క్యాలెండర్‌లోంచో చించిన హాఫ్‌టోన్, దానికి టీ ఖర్చులు కూడా రావు.

రాగిరేకు
నిజమే తాతగారూ, సరిగ్గా తలకిందులే. రాగిరేకు నున్నగా రుద్ది దాని మీద మైనం లాంటి పూత పలచగా పూస్తారు, దీపం పొగ పట్టించి నల్లగా చేస్తారు. ఆ పూత మీద సూదితో గీస్తే గీసిన చోటల్లా రాగి మెరుస్తూ బయటపడుతుంది. అప్పుడు రేకుని యాసిడ్‌లో వేస్తే పూత ఉన్న చోట ఏమీ కాదు, గీత ఉన్న చోట రాగిని తినేస్తుంది. నైట్రిక్ వాడేవాళ్ళు, ఇప్పుడు కాలేజీల్లో ఎక్కువగా ఫెర్రిక్ క్లోరైడే. పూత కడిగేసి, రేకంతా సిరా మెత్తి, గంజి పెట్టిన పలచటి గుడ్డతో, ఆఖర్న అరచేత్తో తుడిచేస్తే పైన సిరా పోయి గుంటల్లోది మిగులుతుంది. తడిపిన కాగితం దాని మీద వేసి, పైన ఉన్ని దుప్పటి కప్పి, రెండు రోలర్ల మధ్య నుంచి లాగుతారు. చెరుకురసం మిషన్ చూశారుగా, అట్టాంటిదే. ఆ ఒత్తిడికి కాగితం గుంటలోకి దిగి సిరాని పట్టుకొస్తుంది, రేకు అంచు కాగితం మీద చుట్టూతా నొక్కు పడుతుంది. ఆ నొక్కు ఉందేమో చూడండి.

చీమకుర్తి_రాయి
మేం సమాధి రాళ్ళ మీద బొమ్మలు చెక్కతాం, ఇది చదివితే బలే అనిపించింది. మాది రాగిరేకు అన్న చెప్పినదానికి ఇంకో రకంగా రివర్సు. నల్ల గ్రానైట్ పాలిష్ మీద సూదితో పొడిస్తే పొడిచిన చోటు తెల్లబడద్ది, అంటే మేం గీసేది వెలుగు, ఆయన గీసేది నీడ. మొహం చేసేటప్పుడు జుట్టు ముట్టుకోం, నుదురూ ముక్కూ పొడుస్తాం. గెలాక్సీ అనే రకం గ్రానైట్ మీద మాత్రం చెయ్యమని అడగొద్దు, మెరుపు చుక్కల్లో మనిషి మొహం తప్పిపోద్ది, జెట్ బ్లాక్ కావాల. ఇప్పుడంతా లేజర్ మిషన్ వచ్చేసిందిలే, పావుగంటలో మొహం దించేసి పోతుంది.

పలకాబలపం
మా మార్కాపురం పలక కూడా అంతే గదా, గీస్తే తెలుపు. చిన్నప్పుడు పలక మీద మేకుతో గీసి దెబ్బలు తిన్నా, అప్పుడే ఎవడైనా రాగిరేకు చేతికిచ్చుంటే..

చేపలపులుసు
రాగిరేకు ఇచ్చుంటే పాత సామానోడికి వేసి ఐస్ తినేవాడివి.

మూలాపేట_మనవడు
చూశా! మా వీధి చివర కంసాలాయన కంటికి తగిలించుకునే ఐగ్లాసు అడిగి తెచ్చుకున్నా, రాత్రి రెండు గంటలు దాంతోనే కూర్చున్నా, అమ్మ అన్నానికి పిలిచి పిలిచి వదిలేసింది. ఒక్క చుక్క లేదు తాతా, అన్నీ గీతలే. బ్రిడ్జి కింద నీడలో గీతలు లావుగా, ఎంత నల్లగా ఉన్నయ్యంటే పక్క నుంచి చూస్తే సిరా కాగితం మీద గట్టులాగా లేచి ఉంది. గుమ్మటం దగ్గరకి పోయేసరికి అదే మనిషి గీశాడా అనిపించింది, పసిపిల్లల వెంట్రుకంత సన్నం, బూడిదరంగు, కొన్ని చోట్ల గీత ఉందా లేదా అన్నట్టు. ఇంకోటి, వీధి మధ్యలో ట్రాఫిక్ పోలీసు ఉన్నాడబ్బా! మామూలు కంటికి మచ్చలాగా ఉంటాడు, అద్దంలో చూస్తే హెల్మెట్టు, భుజాలు, నడుం, కాళ్ళు, లెక్కపెట్టా, మొత్తం ఏడు గీతలు, ఎత్తిన చెయ్యి ఒకే ఒక్క గీత. ఆ ఒక్క గీతకి వెనకాల బస్సు ఆగిపోయి ఉంది. మన వీఆర్సీ సెంటర్‌లో నలుగురు విజిల్ ఊదినా ఆటోవాడు ఆగడు.

ఒక్క డౌటు అన్నా, గుమ్మటం ఎందుకంత పేలవంగా ఉంది? వెలిసిపోయిందా?

రాగిరేకు
వెలిసిపోలేదండీ, కావాలని చేసిందే, అసలు పనితనం అంతా అక్కడే ఉంది. సూది ఒకటే, గీసే చెయ్యి ఒకటే, సన్నం లావు తేల్చేది యాసిడ్‌లో ఉన్న టైము. రేకుని ముందు కొద్ది నిమిషాలు యాసిడ్‌లో ఉంచి తీస్తారు, అప్పటికి అన్ని గీతలూ వెంట్రుకంత లోతే. ఇప్పుడు గుమ్మటం, ఆకాశం, దూరంగా ఉన్నవన్నీ వార్నిష్‌తో మూసేస్తారు, ఇంక వాటిని యాసిడ్ ముట్టదు. మళ్ళీ దించుతారు, ఈసారి మధ్యలో మేడలు సరిపడా తిన్నాక వాటినీ మూసేస్తారు. ఆఖరికి బ్రిడ్జి, బస్సులు మాత్రం మిగులుతాయి, అవి బాగా ఊరాలి. మీ ఇంట్లో నిమ్మకాయ ఊరబెట్టినట్టే అనుకోండి, ముందు తీసింది పచ్చిగా, చివరిదాకా ఉన్నది నల్లగా. ఒక నిమిషం ఎక్కువైతే గుమ్మటం కూడా బ్రిడ్జిలాగా బరువెక్కి కూలబడేది. తేలిగ్గా గాల్లో తేలినట్టుంది చూశారా, అది ఆయన గడియారం చూసుకుంటూ చేసిన పని.

లండన్‌లో_కావలోడు
లంచ్ టైంలో పోయి నిలబడొచ్చా మనవడా, నీ కోసం కాదు, నాకే ఆగలేదు. పొగ లేదు, బ్రిడ్జి లేదు, మధ్యలో అడ్డం ఏమీ లేకుండా గుమ్మటం నేరుగా కనపడింది. వెలుతురు ఉంటే అంత పేలవంగా ఏం ఉండదు, తెల్లగా ధగధగలాడద్ది. ఆ రోజుల్లో బొగ్గు పొగలో అట్టా కనపడేదేమో.

బ్రిడ్జి కథ చెప్తా. ఆ రైలు బ్రిడ్జి 1865లో కట్టారు, చర్చి మొహానికి అడ్డంగా ఇనుము వేశారని అప్పట్లో జనం బాగా తిట్టుకున్నారంట. 1990లో పీకేశారు, ఇప్పుడు ఆ రైళ్ళు భూమి కిందకి దిగిపోయినయ్. కాబట్టి నీ బొమ్మ 1865కి ముందుది అయ్యే వీల్లేదు. బస్సులు చూడు, గుర్రాలు లాగేవి కాదు, మోటారు బస్సులు. లండన్‌లో గుర్రపు బస్సులు 1914కల్లా పూర్తిగా పోయినయ్. మేడ మీద కప్పు లేదు గాబట్టి మరీ తర్వాతది కూడా కాదు, 1925 నుంచి కప్పున్న బస్సులు దిగడం మొదలైంది. నా లెక్క 1910కీ 1930కీ మధ్య.

కందుకూరక్క
లెక్క బాగుంది తమ్ముడూ. చర్చి గురించి కూడా రెండు ముక్కలు చెప్పు, మావాళ్ళ పిలకాయలకి చదివి వినిపిస్తున్నా.

లండన్‌లో_కావలోడు
అక్కా, 1666లో లండన్ తగలబడిపోయినప్పుడు పాత చర్చి కాలిపోయింది. క్రిస్టఫర్ రెన్ అనే ఆయన కొత్తది కట్టాడు, 1675లో మొదలుపెట్టి 1710 దాకా. మొదలుపెట్టిన మనిషే పూర్తయ్యేదాకా బతికుండి చూశాడు, అంత పెద్ద చర్చికి అది అరుదు. ఆయన్ని అందులోనే నేలమాళిగలో పాతిపెట్టారు, నా గుర్తు కావాలంటే చుట్టూ చూసుకో అని లాటిన్‌లో రాసుంటది. పైన శిలువ కొన దాకా ఎత్తు 365 అడుగులు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని అని పిలకాయలకి చెప్పు, మర్చిపోరు. ఇంకో తమాషా, గుమ్మటం ఒకటి కాదు, మూడు. లోపల నిలబడి తలెత్తితే కనపడేది ఒకటి, బయట వీధిలోంచి కనపడేది ఇంకోటి, అది చెక్క మీద సీసపు రేకు. ఈ రెంటి మధ్యలో ఎవరికీ కనపడకుండా ఇటుకల శంకువు ఒకటి ఉంది, పైన ఉన్న రాతి బరువంతా మోసేది అదే.

పలకాబలపం
ఇంట్లో అమ్మల్లాగా. కనపడకుండా మోసేది.

చేపలపులుసు
ఏందబ్బా పలక, పొద్దున్నే సెంటిమెంటు.

సరే నాదొక డౌటు, సీరియస్‌గానే. చర్చికీ కెథడ్రల్‌కీ తేడా ఏంది? పెద్దది అయితే కెథడ్రలా?

కందుకూరక్క
సైజు కాదు బాబూ. బిషప్ గారి పీఠం ఏ చర్చిలో ఉంటే అది కెథడ్రల్. మన నెల్లూరులో సెయింట్ జోసఫ్ కెథడ్రల్ ఉంది గదా, అందుకే దానికి ఆ పేరు.

మనవడూ, అసలు సంగతికి వస్తా. నేను లైబ్రరీలో పాత పుస్తకాల మధ్య బతికినదాన్ని. ఆ బొమ్మ వెనక ఏం ఉంది, చెక్కా అట్టా? కాగితం మీద గోధుమరంగు మచ్చలు ఉన్నాయా? తొందరపడి జిరాక్స్ షాపుకి తీసుకెళ్ళి లామినేషన్ మాత్రం చేయించకు.

మూలాపేట_మనవడు
అక్కా, బావ పొద్దున సరిగ్గా అదే అన్నాడు. బండి తాళాలు తీసుకుని బయల్దేరాడు కూడా.

కందుకూరక్క
ఆపు ఆపు! ఆ వేడికి ప్లాస్టిక్ కాగితంలోకి కరిగి దిగిపోద్ది, ఇంక జన్మలో ఊడదు. సెల్లోటేపు వద్దు, ఫెవికాల్ వద్దు, తడి గుడ్డతో తుడవడం అసలే వద్దు. నేల మీద శుభ్రమైన దుప్పటి పరిచి, బొమ్మ మొహం కిందకి పెట్టి, వెనక మేకులు కటింగ్ ప్లేయర్‌తో ఒక్కొక్కటి లాగు. చేతులు కడుక్కుని ఆరబెట్టుకో. బొమ్మ దేనికన్నా అంటుకుని ఉంటే పీకొద్దు, ఆగి నన్నడుగు. రామబాణం పురుగులు, చెదలు ఉంటే మెత్తటి బ్రష్‌తో దులిపెయ్, అంతే.

రాగిరేకు
అక్క చెప్పేదాకా ఆగండి, ఈలోపు లక్షల సంగతి నేను చెప్తా. 1920ల్లో ఇంగ్లండులో, అమెరికాలో ఎచింగ్‌ల పిచ్చి బాగా ఉండేది, షేర్లు కొన్నట్టు కొనేవాళ్ళు, కొన్న నెలకి ఎక్కువకి అమ్మేవాళ్ళు. 1929లో షేర్ మార్కెట్టు కూలింది, దాంతోపాటు ఈ బొమ్మల మార్కెట్టూ కూలింది. పెద్ద పేర్లవి తర్వాత లేచాయి. సెయింట్ పాల్స్ లాంటి చోట్లని గీసి టూరిస్టులకీ ఇళ్ళల్లో తగిలించుకునేవాళ్ళకీ అమ్మిన చిన్న ఆర్టిస్టులు బోలెడు మంది, మీది ఆ బాపతే అనిపిస్తోంది. మంచి చెయ్యి, పెద్ద పేరు కాదు. సంతకం ఉంటే గొప్ప అని కూడా అనుకోవద్దు, అప్పటికి పెన్సిల్ సంతకం అందరూ పెట్టేదే.

పేరున్న వాళ్ళ సంగతి వేరు. పారిస్‌లో మెర్యాన్ అని ఒకాయన, మాజీ నేవీ ఆఫీసరు, రంగులు సరిగ్గా కనపడవు, అందుకని పెయింటింగ్ వదిలేసి ఎచింగ్ పట్టుకున్నాడు. అక్కడి నోట్రె డామ్ చర్చి పైన కూర్చున్న రాక్షసి బొమ్మని 1853లో ఆయన గీసింది మ్యూజియంలు దాచుకుంటాయి. పాపం ఆయన మాత్రం పిచ్చాసుపత్రిలో పోయాడు.

చీమకుర్తి_రాయి
మనోళ్ళు ఎవరూ లేరా అన్నా ఈ పనిలో?

రాగిరేకు
లేకేం! ఈ పని నేర్చుకోడానికి దేశం దాటిన మొదటి భారతీయుడు ముకుల్ డే, బెంగాలాయన, 1916లో అమెరికా వెళ్ళాడు. మన తెలుగాయన సంగతి చెప్తే ఎవరూ నమ్మరు, కృష్ణారెడ్డి, చిత్తూరు జిల్లా పల్లెటూళ్ళో 1925లో పుట్టాడు, శాంతినికేతన్‌లో చదివి పారిస్ వెళ్ళి అటెలియర్ 17 అనే ప్రింట్‌మేకింగ్ వర్క్‌షాపులో పని చేశాడు. రంగుకొక రేకు అవసరం లేకుండా ఒకే రేకు మీద చిక్కటి సిరా, పలచటి సిరా, గట్టి రోలరు, మెత్తటి రోలరు వాడి అన్ని రంగులూ ఒకేసారి తీసే పద్ధతిని పైకి తెచ్చినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. నూనె ఎక్కువున్న సిరా మీద తక్కువున్నది అంటుకోదు, కిటుకంతా అదే. 1972లో పద్మశ్రీ ఇచ్చారు, 2018లో న్యూయార్క్‌లో పోయారు. తెలంగాణ నుంచి లక్ష్మాగౌడ్ ఉన్నారు, ఆయన ఎచింగ్‌లు ఒక్కసారి దగ్గర నుంచి చూడండి, పల్లెటూరి మేక కూడా ఎంత గీతలతో నిండి ఉంటుందో. మన స్కూల్లో డ్రాయింగ్ పీరియడ్‌ని లెక్కల సారు లాక్కుంటే ఇవన్నీ ఎవరు చెప్తారు, నా బాధ వదిలెయ్యండి.

ట్రెడిల్_తాత
పెన్నా గట్టు మీద నిలబడి మన రంగనాయకుల గుడి గాలిగోపురం ఇట్టా రేకు మీద దించేవాడు ఒకడుంటే బాగుండు.

మూలాపేట_మనవడు
విప్పా. చెప్తున్నా వినండి, సగం మంచి సగం చెడ్డ.

వెనక టేకు చెక్క. మేకులు పదకొండు, తుప్పు పట్టి రెండు విరిగినయ్. చెక్క మీద చార ఎట్టుందో కాగితం వెనక గోధుమరంగులో అట్టనే అచ్చు పడింది, గాట్లతో సహా. నాలుగు మూలలా మైదా లై పెట్టి అంటించారు, అక్కా నువ్వు చెప్పినట్టు పీకలా. నొక్కు ఉంది అన్నా! కిందా, కుడిపక్కా వేలు పెడితే గట్టులాగా తగులుతా ఉంది. పైనా ఎడమపక్కా మాత్రం లేదు. ఎందుకు లేదంటే, ఎప్పుడో ఫ్రేం కట్టినోడు అద్దం సైజుకి సరిపోలేదని కత్తెరేసి కోసేశాడు. ఏ ఊరోడో ఏ షాపో చెప్పనులే, ఇప్పుడు ఉన్నాడో లేడో. ఎడమపక్క కింద పెన్సిల్‌తో ఏదో అంకె ఉండేది, కత్తెర సరిగ్గా దాని మీదే పోయింది, అడ్డగీత, దాని తర్వాత 75 మిగిలింది.

రాగిరేకు
అయ్యో. మొత్తం 75 తీశారని అర్థం, ముందున్నది మీది ఎన్నోదో చెప్పే అంకె. అది పోయిందన్నమాట.

చేపలపులుసు
74 మంది లండన్‌లో ఉన్నారు, ఒకడు మూలాపేటలో. ఎన్నోవాడైతే ఏంలే.

కందుకూరక్క
మైదా పెట్టినా పురుగు పట్టలేదంటే నీ అదృష్టం. లై ఊడదియ్యడం మన వల్ల కాదు, పేపర్ కన్జర్వేషన్ తెలిసినవాళ్ళ దగ్గరే. అప్పటిదాకా చెక్క తీసెయ్, యాసిడ్ లేని అట్ట అని అడిగితే పెద్ద ఊళ్ళల్లో ఫ్రేం షాపుల్లో ఇస్తారు, అది వెనక పెట్టు. అద్దానికి బొమ్మకి మధ్య కిటికీ లాంటి అట్ట చట్రం పెట్టాల, అద్దం కాగితాన్ని తాకితే వానాకాలంలో అతుక్కుపోద్ది. ఎండ పడే గోడ వద్దు, బాత్రూం పక్క గోడ వద్దు, వంటింటి పక్క వద్దు.

మూలాపేట_మనవడు
అక్కా అట్టా చూస్తే మా ఇంట్లో మిగిలింది దేవుడి గది బయట గోడ ఒకటే. చర్చి బొమ్మ అక్కడేందిరా అని అమ్మ కాసేపు అంది, తాత బొమ్మ అనుకో అన్నా, సరే అంది.

బావకి 1929 సంగతీ, కత్తెర సంగతీ, చదివి వినిపించా. అయితే నువ్వే ఉంచుకో అని విసవిసా బయటికి పోయాడు. బండి తాళాలు మా ఇంట్లోనే మర్చిపోయి మళ్ళీ వచ్చాడనుకోండి, అది వేరే కథ.

లండన్‌లో_కావలోడు
ఆ పోలీసాయన్ని దగ్గర్నుంచి ఫోటో తీసి పెట్టవా, ఐగ్లాసులోంచి. ఆయన నిలబడిన చోటు ఏదో రేపు పోయి వెతుకుతా. తిరగేసి చూడాల గాబట్టి ఆయన ఎత్తింది కుడిచెయ్యా ఎడమచెయ్యా అని కూడా చెప్పు.

మూలాపేట_మనవడు
బొమ్మలో ఎడమ, అంటే అసలు కుడి. ఫోటో మాత్రం ఇప్పుడు కాదన్నా, కంసాలాయన ఐగ్లాసు పట్టుకుపోయాడు, ముక్కుపుడక పని ఉందంట. ఆదివారం మళ్ళీ అడిగి పెడతా.